నలుసు కాదు

ఇసుక సంచిని ముక్కాలి స్టాండుకి వేలాడదీయడం నా పని.
బ్యాటరీలు చంకలో పెట్టుకుని వెచ్చగా ఉంచడమూ నా పనే,
చలికి అవి మనుషుల కంటే ముందే డస్సిపోతాయి.
ఫ్లూరీనా బండ చుట్టూ తిరుగుతుంది,
బూటుతో నాచు గీకి
ఎర్ర రంగు గుర్తు కోసం వెతుకుతుంది.
పద్నాలుగేళ్ళుగా ఇదే బండ, ఇదే సెప్టెంబరు,
ఇవే మూడు గుంటల్లో ఇవే మూడు కాళ్ళు.
ఎదురుగా హిమానీనదం మాత్రం
ఏటికేడాది వెనక్కి వెనక్కి జరుగుతోంది,
అప్పులవాణ్ణి చూసినట్టు.

కెమెరా వెనక తగిలించే ఆ డిజిటల్ బ్యాక్
జ్యూరిక్‌లో ఏదో స్టూడియో మూతపడితే కొన్నది.
"కొత్తవి చీకట్లో కూడా చూస్తాయట," అన్నాను ఒకసారి.
"ఇది వెలుతురులో చూస్తుంది. చాలు."
ఐఎస్ఓ యాభై. పైన ఒక్క మెట్టు ఎక్కనివ్వదు.
అరిస్తే వినపడుతుంది గానీ
గొంతు జీరపోతుంది, అంటుంది.

మంచు మీది తెలుపు మాడిపోయే అంచుదాకా
వెలుగు నింపాలి,
పాలు పొంగే ముందు క్షణం దాకా.
పొంగిందా, మళ్ళీ గిన్నెలోకి రాదు.
ఎఫ్ పదకొండు.
ఇంకా మూస్తే ముందూ వెనకా అన్నీ దొరుకుతాయన్న ఆశలో
ఉన్న పదునూ పోతుంది.
అద్దాన్ని ముందే పైకి లేపి
ఆ దెబ్బ అదురు చల్లారేదాకా
వాళ్ళ రొమాన్ష్‌లో లెక్కపెడుతుంది:
ఊన్, దుఓస్, త్రైస్...
ఎనిమిది దాకా. నేను ఊపిరి బిగబడతాను,
నా ఊపిరికి బండ కదులుతుందన్నట్టు.

సందెవేళ ముప్పై సెకన్లు షట్టర్ తెరిచి ఉంటుంది.
ఆ తర్వాత మరో ముప్పై
కెమెరా కళ్ళు మూసుకుంటుంది.
బయట ఏదీ చూడకుండా
తన వేడిని, తన గొణుగుడుని,
తనలోనే పుట్టిన దొంగ చుక్కల్ని చూసుకుంటుంది.
వాటిని ఇందాకటి బొమ్మలోంచి తీసేస్తుంది.
మొదటి ఏడాది, పని అయిపోయిందనుకుని
ఆ చీకట్లో వైరు పీకేశాను.
ఫ్లూరీనా తిట్టలేదు.
ఆ రాత్రి గుడిసెలో నా వంతు చీజు కూడా తనే తినేసింది.

ఈసారి
నల్లగుడ్డ కప్పుకుని ఇద్దరం లాప్‌టాప్‌లోకి తలలు దూర్చాం.
నూటికి నూరు పెద్దది చేసి
ఎడమ మూల నుంచి మొదలుపెట్టి,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.
మంచు అంచున, బూడిదరంగు నీటికి కొంచెం పైన
ఒక నలుసు.

"సెన్సర్ మీద దుమ్ము," అన్నాను.
బ్యాక్ విప్పింది, బుడ్డితో గాలి ఊదింది, మళ్ళీ తీసింది.
ఉంది.
కెమెరాని వెంట్రుకవాసి కుడికి తిప్పింది.
కంట్లో నలుసయితే కంటితో కదులుతుంది.
ఇది కొండ దగ్గరే ఉండిపోయింది.

ఇంకా పెద్దది చేశాం.
కర్ర.
పక్కకి ఒరిగిన కర్ర, మీద పసుపు రంగు పట్టీ,
పట్టీ మీద ఒక అంకె, సగం చెరిగిన ఏడు.

తన తమ్ముడు దూరీ మంచు కొలవడానికి
కర్రలు పాతేవాడు.
నోటుపుస్తకంలో ఆరింటికే లెక్క ఉంది.
ఏడోది భుజాన వేసుకుని వెళ్ళిన మధ్యాహ్నం మబ్బు దిగింది.
చోటుకి చేరకుండానే పగులులో పడ్డాడని
లోయలో అందరూ అనుకున్నారు.
ఫ్లూరీనా కూడా.

పాతాడు.

అంకె తలకి అడ్డంగా చిన్న గీత కూడా ఉంది,
వాడు ఏడుని అలాగే రాసేవాడట.
కొండంత బొమ్మలో గోరంత గీత.

గుడ్డ కింద కొంచెం సేపు
ఫ్యాను చప్పుడు ఒక్కటే.
"వెలుగు పోతోంది, ఇంకొకటి తీద్దాం," అంది.
అద్దం లేపింది. ఐదు దాకానే లెక్కపెట్టింది.
షట్టర్ తెరుచుకుంది, మూసుకుంది,
తర్వాతి ముప్పై సెకన్లు
కెమెరాతో పాటు తనూ కళ్ళు మూసుకుంది.

నేను ఇసుక సంచి ఊగకుండా
రెండు చేతులతో పట్టుకున్నాను.